నర్సరీ బి గదిలో ఇద్దరు

కొండాపూర్‌లో పెద్ద పెద్ద టవర్ల నడుమ ఇరుక్కుపోయినట్టుండే రెండంతస్తుల ఇంట్లో ఆ బడి నడుస్తుంది. అందరూ ఐదేళ్ల లోపు పిల్లలే. వాళ్ల అమ్మానాన్నల్లో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పొద్దున్నే మెడలో ఐడీ కార్డులతో వచ్చి, పిల్లల్ని గేటు దగ్గర దింపి, కారులోంచే చెయ్యూపి వెళ్లిపోతారు. ఆ బడిలో ప్రతి తరగతికీ ఇద్దరు టీచర్లు. ఒకరు పెద్ద, ఇంకొకరు సాయం అని కాదు. పాఠమూ ఇద్దరిదే, పిల్లలూ ఇద్దరివే. అడ్మిషన్ కోసం వచ్చినవాళ్లకు ప్రిన్సిపాల్ ప్రియదర్శిని మొట్టమొదట చెప్పే మాట అదే. చెప్పి ఊరుకోకుండా వాళ్లను నర్సరీ బి గది కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి లోపలికి చూపించేది. ఆ గదిలో ఉమాశ్రీ, శ్రీలత ఉండేవాళ్లు.

వాళ్లిద్దరూ కలిసి పాఠం చెబుతుంటే చూసేవాళ్లకు ముచ్చటేసేది. ఉమాశ్రీ కథ మొదలుపెడితే మధ్యలో శ్రీలత అందుకునేది. ఎక్కడ అందుకోవాలో ముందుగా అనుకునేవాళ్లు కాదు. వాళ్లల్లిన కథల్లో పిల్లలు మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నది లిఫ్టెక్కిన గొర్రెపిల్ల కథ. పై అంతస్తులో పచ్చగడ్డి ఉందని ఎవరో చెబితే నమ్మి ఒక గొర్రెపిల్ల లిఫ్టెక్కుతుంది. ఉమాశ్రీ గొర్రెపిల్ల, శ్రీలత లిఫ్టు. ‘తలుపులు మూసుకుంటున్నవి’ అని శ్రీలత ముక్కుతో అనగానే, టవర్లలో పుట్టి పెరిగిన ఆ పిల్లలంతా నవ్వి నవ్వి నేలమీద దొర్లేవాళ్లు. ఎవరైనా ఏడుపు మొహం పెడితే, ఉమాశ్రీ తల తిప్పి చూసేలోపే శ్రీలత ఆ బిడ్డ పక్కన కూర్చుని ఉండేది. పెరట్లో ఆటలయ్యాక పిల్లల్ని వరుసలో లోపలికి తెచ్చేటప్పుడు ఉమాశ్రీ ముందు నడిచేది. శ్రీలత వెనక నిలబడి ఒక్కొక్కరి తలా తాకుతూ లెక్క చూసుకుని, ఆఖర్న తలుపు వేసి వచ్చేది. నువ్వు ముందు, నేను వెనక అని వాళ్లు ఏనాడూ అనుకోలేదు. అలా కుదిరిపోయిందంతే.

ఉమాశ్రీది కాకినాడ. నలభై దాటిన మనిషి. పెళ్లయిన మూడో ఏడే విడిపోయి, ఊళ్లో వాళ్ల చూపులు భరించలేక ఈ నగరానికి వచ్చి, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటాలో ఉంటోంది. ఆ విడిపోవడం సంగతి ఈ ఊళ్లో ఆమె చెప్పుకున్నది శ్రీలతకొక్కదానికే. ఒక మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక దుప్పట్లు మడతపెడుతూ చెప్పింది. శ్రీలత అయ్యో అనలేదు, ఎందుకని అడగలేదు. మడతపెట్టిన దుప్పటి పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత, “ఈవేళ నా డబ్బాలో గుత్తివంకాయ ఉంది, నువ్వే తినాలి” అంది. ఉమాశ్రీకి అది చాలింది.

శనివారం మధ్యాహ్నం బడి వదిలాక మళ్లీ సోమవారం పొద్దున దాకా ఆమెకు మాట్లాడేవాళ్లెవరూ ఉండరు. ఆదివారాలు మేడమీద బట్టలు ఆరేసి కింద రోడ్డు మీద పోయే జనాన్ని చూస్తూ నిలబడేది. ఆ రోజు ఎలాగోలా గడిస్తే, పొద్దున్నే శ్రీలత ఉంటుంది కదా అని ధైర్యం.

వేసవి సెలవుల్లో ఒకరోజు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఎవరో తల్లి పెట్టిన సందేశం కనబడింది. నల్లగండ్లలో కొత్తగా తెరుస్తున్న స్కూలుకు హెడ్‌గా వెళుతున్న శ్రీలత మిస్‌కు అభినందనలని. దాని కింద పూలగుత్తుల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వరుసగా వచ్చిపడుతున్నాయి. ఉమాశ్రీ ఆ సందేశాన్ని రెండోసారి చదివి ఫోను పక్కన పెట్టేసింది. సాయంత్రం శ్రీలతే ఫోన్ చేసింది.

“నీకే మొదట చెప్దామనుకున్నా ఉమా. ఎలా చెప్పాలో తెలియక ఇవాళా రేపూ అని లాగేశాను. ఎవరో గ్రూపులో పెట్టేశారు.”

“మంచిదే కదా. నీకు రావలసిందే అది.”

“కోపం వచ్చిందా?”

“కోపం దేనికి, పిచ్చిదానా” అంది ఉమాశ్రీ. అవతల శ్రీలత పిల్లలు అమ్మా అమ్మా అని పిలుస్తుంటే, మళ్లీ చేస్తానంటూ పెట్టేసింది.

బడి తెరిచేసరికి నర్సరీ బి గదిలోకి ప్రవీణ వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. బోరబండలో ఉంటుంది, రోజూ లోకల్ రైల్లో హైటెక్ సిటీ స్టేషన్లో దిగి ఆటోలో వస్తుంది. భర్త జీడిమెట్లలో మందుల కంపెనీలో షిఫ్టు పని. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఆమెకు ఏ పని చేసినా పైకి చెప్పి చెయ్యడం అలవాటు.

“మేడమ్, నేను రంగులు తీస్తున్న. మీరు నీళ్లు పెడ్తరా?”

“మేడమ్, గా బాబు ఊకె కిటికీ కాడికి పోతుండు. నేను చూడాల్నా, మీరు చూస్తరా?”

అందులో తప్పేమీ లేదు. కొత్తగా వచ్చినవాళ్లు అడగక ఏం చేస్తారు? కానీ ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ, శ్రీలత ఉంటే ఇది అడగవలసిన పనే ఉండేది కాదని ఉమాశ్రీ మనసు కలుక్కుమనేది. మొదట్లో సరే అనేది. తర్వాత తల ఊపేది. రానురాను ఆ తల ఊపడం కూడా మానేసి, తన పని తాను చేసుకుపోయేది. పిల్లలు గొర్రెపిల్ల కథ అడిగిన రోజున ప్రవీణ సంబరంగా, “నేను లిఫ్టయిత మేడమ్, ఎట్ల అనాల్నో జర నేర్పుండ్రి” అంది.

“ఆ కథ ఇప్పుడొద్దులే” అని ఉమాశ్రీ ఇంకేదో కథ ఎత్తుకుని, మొదటినుంచి చివరిదాకా తనే చెప్పేసింది. ప్రవీణ పిల్లల వెనక చాప మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది.

పిల్లలు పడుకునే వేళ మర్నాటి పాఠం గురించి ఇద్దరూ కూర్చుని అనుకోవాలని బడి నియమం. ప్రవీణ పెన్నూ పుస్తకమూ తెచ్చుకుని ఎదురుగా కూర్చునేది. “నువ్వు అనుకున్నది నువ్వు చెయ్యమ్మా, నేను చేసేది నేను చేస్తాను” అనేది ఉమాశ్రీ మెత్తగానే. కొన్నాళ్లకు ప్రవీణ కూడా ఆ వేళకు ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. పిల్లల గురక తప్ప చప్పుడు లేని ఆ గదిలో ఉమాశ్రీ ఒక్కతే దుప్పట్లు సర్దుకుంటూ ఉండేది. ఒంటరితనం ఇంట్లోనే ఉంటుందనుకుంటే, ఇప్పుడు బడికి కూడా వచ్చి కూర్చుంది.

ఒక శనివారం ఆగలేక, స్వీట్ షాపులో కాజాలు కొనుక్కుని నల్లగండ్ల వెళ్లింది. కొత్త స్కూలు అద్దాల తలుపులతో మెరిసిపోతోంది. రిసెప్షన్ అమ్మాయి కూర్చోమంది. కూర్చున్న చోటినుంచి అద్దంలోంచి ఒక తరగతి గది కనబడుతోంది. గోడవారగా కుర్చీల్లో స్కూలు చూడడానికొచ్చిన తల్లిదండ్రులు. నేలమీద పిల్లల మధ్య శ్రీలత. ఆమె పక్కన చురుకైన చిన్నమ్మాయి ఒకతె, టీచరే, రెండు చేతులూ చెవుల దగ్గర ఆడిస్తూ గొర్రెపిల్లలా అరుస్తోంది. శ్రీలత ముక్కు పట్టుకుని ఏదో అంది. అద్దం వల్ల మాట వినబడలేదు గానీ ఏమందో ఉమాశ్రీకి తెలుసు. పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు.

కాసేపటికి శ్రీలత బయటికి వచ్చింది. ఉమాశ్రీని చూడగానే మొహం విప్పారింది. గట్టిగా వాటేసుకుంది. “చెప్పకుండా వచ్చావేంటే! రా, రా, కాఫీ తాగుదాం.”

కాఫీ వచ్చింది. శ్రీలత ఫోను ఆగకుండా మోగుతోంది. మధ్యలో ఎవరో ఫీజు రాయితీ సంగతి అడిగిపోయారు, ఇంకెవరో ఏసీ బాగుచేసేవాడు వచ్చాడని చెప్పిపోయారు.

“అక్కడెలా ఉంది? కొత్తమ్మాయి ఎలా చేస్తోంది?”

“బాగానే చేస్తోంది.”

“నీకేంలే. నువ్వు ఎవరితోనైనా కుదిరిపోతావు” అంది శ్రీలత. ఆమె మనసులో ఉన్న మాటే అది, పైపైన అన్నది కాదు.

కాజాల పొట్లం బల్లమీద పెట్టి ఉమాశ్రీ వచ్చేసింది. తిరుగు దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆలోచించింది. శ్రీలత ఎవరితో ఉన్నా అలాగే ఉంటుంది. తను మాత్రం శ్రీలతతో ఉన్నప్పుడే అలా ఉంది. ఇన్నేళ్లూ అది తమ ఇద్దరిదీ అనుకున్నది నిజానికి శ్రీలత ఒక్కదానిదే. తనది తను తీసుకుని వెళ్లిపోయింది, అంతే. ఇందులో శ్రీలతను అనవలసిందేమీ లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. ఎవరినైనా తిట్టుకునే వీలుంటే కాస్త తేలికపడేది.

ఆ తర్వాతి వారంలోనే ఆ సంగతి జరిగింది.

పొద్దుటినుంచీ మబ్బు పట్టి ఉంది. పిల్లలు పెరట్లో ఆడుకుంటున్నారు. ఇసుక గుంట, రెండు ఊయలలు, పాకుతూ అవతలికి పోవడానికి పసుపురంగు ప్లాస్టిక్ గొట్టం ఒకటి, అదీ ఆ పెరడు. చినుకులు మొదలవగానే ఉమాశ్రీ చప్పట్లు కొట్టి పిల్లల్ని వరుసలో నిలబెట్టింది. అదే సమయానికి ఒక బాబు లాగు పాడుచేసుకుని ఏడుస్తున్నాడు. ప్రవీణ వాణ్ణి చంకనెత్తుకుని, “మేడమ్, నేను వీన్ని బాత్రూంకి తీస్కపోతున్న. ఎనక మీరే చూస్కోండ్రి” అంది.

ఉమాశ్రీకి వినబడింది. మామూలుగా చేసినట్టే పలకలేదు. విన్నది మనసులో నిలవనూ లేదు. చేతులు చాచి పిల్లల్ని లోపలికి తరుముతూ ముందు నడిచింది. వెనక ఒకరు ఉంటారని, తలలు తాకి లెక్క చూసుకుంటారని, తలుపు వేసి వస్తారని ఆమె కాళ్లకు ఏళ్లనాటి అలవాటు. వాన జోరందుకుంటే ఆయా పరుగున వచ్చి పెరటి తలుపు గడియ పెట్టింది.

భోజనాల దగ్గర కంచాలు పెట్టాక ఒక కంచం ముందు ఎవరూ లేరు.

“చార్వి ఏది?” అంది ప్రవీణ.

“నీతో లేదా?” అంది ఉమాశ్రీ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంత సూటిగా వాళ్లు ఒకరినొకరు చూసుకోవడం అదే మొదటిసారి. ప్రవీణ మేడమీదికి పరుగెత్తింది. ఉమాశ్రీ పెరటి తలుపు తీసి వానలోకి ఉరికింది. నీళ్లు మడమల దాకా ఉన్నాయి. గొట్టం దగ్గర వంగి చూసింది. చార్వి లోపల మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. కింద నీళ్లు పారుతున్నాయి. గొంతు బొంగురుపోయింది. ఎంతసేపు పిలిచిందో. ఉరుముల చప్పుడులో లోపలెవరికీ వినబడలేదు.

ఉమాశ్రీ చేతులు చాచగానే ఆ పిల్ల మెడకు చుట్టుకుపోయింది. గోళ్లు గుచ్చుకునేంత గట్టిగా పట్టుకుని, వణుకుతూ, “నేను దాక్కోలేదు మిస్” అంది.

లోపలికి తెచ్చి బట్టలు మార్చేదాకా ఆ మాటే మళ్లీ మళ్లీ అంటూ ఉంది. దాక్కుంది కాబట్టి వదిలేశారని ఎవరైనా అంటారేమోనని దాని భయం.

మర్నాడు చార్వి అమ్మానాన్నలు వచ్చారు. తండ్రి వంశీది ప్రొద్దుటూరు, తల్లి ప్రియాంకదీ అటువైపే. ఇద్దరూ గచ్చిబౌలిలో ఒకే కంపెనీలో పనిచేస్తారు. ఆఫీసు మానుకుని వచ్చి ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మేం గొడవ చేసేకి రాలేదు మేడమ్” అన్నాడు వంశీ. “పాప రాత్రంతా తలుపు మూయనీలేదు. బాత్రూం తలుపు గూడా. ఇద్దరు టీచర్లుంటారని గదా మేము ఇక్కడ చేర్పించింది. ఇద్దరుండి ఎట్ల జరిగిందో చెప్పండి, చాలు.”

ప్రియదర్శిని ఇద్దరు టీచర్లనూ పిలిపించి కెమెరా రికార్డు చూపించింది. బొమ్మ ఉంది, మాటల్లేవు. ప్రవీణ బాబును ఎత్తుకుని, ఉమాశ్రీ వీపు వైపు తిరిగి ఒక క్షణం ఆగి, వెళ్లిపోవడం కనబడుతోంది. ఉమాశ్రీ వెనక్కి తిరగకుండా పిల్లలతో లోపలికి నడవడం కనబడుతోంది.

“ప్రవీణా, లైన్ వదిలేసి ఎందుకు వెళ్లావు?” అని అడిగింది ప్రిన్సిపాల్.

“బాబు బట్టలు పాడైనయ్ మేడమ్. చెప్పే పోయిన.”

“ఉమా, నీకు చెప్పిందా?”

ప్రవీణ ఉమాశ్రీ వైపు చూసింది. నమ్మకంగానే చూసింది, చెబుతుందనే అనుకుంది. ఉమాశ్రీకి ఆ క్షణంలో ఈ బడి, ఈ గది, ఈ పిల్లలు తప్ప తనకింకేం ఉన్నాయన్న ఆలోచన ఒక్కటే వచ్చింది. ఇది కూడా పోతే వారంలో ఏడు రోజులూ ఆదివారాలే.

“వాన చప్పుడు మేడమ్. సరిగ్గా వినబడలేదండి” అంది.

ప్రవీణ తల వంచుకుంది. కొత్తగా చేరినవాళ్లకు పెట్టిన గడువు ఇంకా పూర్తి కాలేదు కాబట్టి, రేపటినుంచి రావద్దని చెప్పడానికి ప్రిన్సిపాల్‌కు పెద్ద కష్టం కాలేదు. సాయంత్రం ప్రవీణ తన డబ్బా, నీళ్ల సీసా సంచిలో పెట్టుకుంటుంటే ఇద్దరు పిల్లలు వచ్చి కాళ్లకు చుట్టుకున్నారు. వాళ్ల తలలు నిమిరి వెళ్లిపోయింది. ఉమాశ్రీ రంగుల డబ్బాలు కడుగుతూ వెనక్కి తిరగలేదు.

ఇంకొకరు దొరికేదాకా ఆయాను తోడిచ్చారు. ఆయమ్మ మంచిదే, కానీ పిల్లలు ప్రవీణ మిస్ ఏదని అడుగుతూనే ఉన్నారు. చార్వి బడికి రావడం లేదు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే, దాక్కోలేదు మిస్ అన్న మాట చెవిలో వినబడేది. నాలుగేళ్ల పిల్ల, చెయ్యని తప్పు తన మీద పడుతుందేమోనని భయపడింది. తను మాత్రం చేసిన తప్పును తీసుకెళ్లి ఇంకొకరి నెత్తిన పెట్టింది. ఈ సంగతి చెప్పుకోవడానికి ఎవరున్నారా అని ఆలోచించింది. శ్రీలతకు ఫోన్ చేయబోయి ఆగిపోయింది. శ్రీలత చెయ్యి పట్టుకుని ఓదారుస్తుంది. ఇప్పుడు ఓదార్పు తనకు తగదనిపించింది.

ఆ వారం చివర్లో ప్రిన్సిపాల్ గదికి వెళ్లి తలుపు దగ్గరే నిలబడి చెప్పింది.

“ప్రవీణ నాకు చెప్పే వెళ్లింది మేడమ్. నేను విన్నాను. పలకలేదు. ఆ అమ్మాయి వచ్చినప్పటినుంచీ పలకడం మానేశాను.”

“ఇంతమందికి చూపించేదాన్ని మీ గదిని” అంది ప్రియదర్శిని. “ఆ పేరెంట్స్‌కి నువ్వే చెప్పాలి. నా ముందే చెప్పాలి.”

చెప్పింది. వంశీ విని, “ఇప్పుడన్నా చెప్పినారు, సరే. అంతకంటే నేనేం చెప్పలేను మేడమ్” అన్నాడు. ప్రియాంక మాత్రం, “మా పాపను మీ క్లాసులో ఉంచలేము” అంది. చార్విని నర్సరీ ఏ కి మార్చారు. ఉమాశ్రీకి హెచ్చరిక ఇచ్చారు. ఇంకొకసారి ఏదైనా జరిగితే ఉద్యోగం ఉండదని రాయించి సంతకం తీసుకున్నారు.

“ప్రవీణ వస్తానంటే నాకు అభ్యంతరం లేదు” అంది ప్రియదర్శిని. “నువ్వే వెళ్లి అడుగు.”

బోరబండలో రైలు స్టేషన్ దాటాక సందులో సందు. దారి అడుగుతూ అడుగుతూ వెళ్లింది. ప్రవీణ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. చూసి లేచింది. “రాండ్రి మేడమ్, కూసోండ్రి” అని కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. ఇచ్చి, మళ్లీ చేట ముందేసుకుని కూర్చుంది.

ఉమాశ్రీ గ్లాసు పట్టుకునే జరిగిందంతా చెప్పింది. ప్రిన్సిపాల్‌కు చెప్పానని, వాళ్లకు చెప్పానని చెప్పింది.

“మీరు ఇన్నరని నాకు తెల్సు మేడమ్” అంది ప్రవీణ, బియ్యంలోంచి తల ఎత్తకుండా. “నేను చెప్పంగనె మీ మెడ జర ఇటు తిరిగింది. మల్ల అటు మల్లింది. నేనేం అనుకున్న అంటే, ఇన్నది గద, చూస్కుంటదని పోయిన.”

ఉమాశ్రీ గ్లాసు కింద పెట్టింది.

“ఆ దినం ఇంటికొచ్చి మా ఆయనకు గూడ చెప్పలే. ఏమని చెప్పాలె? ఇద్దరు టీచర్లుండి పోరిని వానల మర్చిపోయినమనా? ఒక్కటి అడుగుత మేడమ్, నేను మీకేం జేసిన?”

“నువ్వేం చెయ్యలేదమ్మా. నువ్వు శ్రీలతవి కావు. అంతే.”

ప్రవీణ చేతులు ఆగాయి. “అది నా తప్పా?”

“కాదు.”

లోపల గదిలో ఎవరో దగ్గారు. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న భర్త కాబోలు. ప్రవీణ గొంతు తగ్గించింది.

“వస్త. పిల్లల మీద పానం కొట్టుకుంటుంది, అందుకే వస్త. గనీ మేడమ్, నాకు మాట కావాలె. మీరు నాతోటి దోస్తీ చేయమని అంటలేను. నేను పిలిస్తె పలకాలె. మీరు యాడికన్న పోతే చెప్పిపోవాలె. గంతే.”

“అలాగే” అంది ఉమాశ్రీ.

“ఇప్పుడన్నట్టె, గట్టిగ.”

సోమవారం నుంచి నర్సరీ బి లో అన్నీ పైకి చెప్పి చెయ్యడం మొదలైంది. “ముందు నేను.” “వెనక నేనున్న మేడమ్.” “తలుపు వేశావా?” “ఏసిన.” “కిటికీ దగ్గర నువ్వు నిలబడతావా?” “నిలబడ్త. మీరు కత్తెర్లు చూడుండ్రి.” మొదట్లో ఉమాశ్రీకి అది పరాయి భాష మాట్లాడుతున్నట్టే ఉండేది. శ్రీలతతో చూపుతో అయిపోయే పనికి ఇప్పుడు నాలుగు మాటలు ఖర్చవుతున్నాయి. కానీ ఆ మాటల వల్ల ఏ పిల్ల ఎవరి దగ్గరుందో ఇద్దరికీ తెలుస్తోంది. పిల్లలకూ అది ఆటైపోయింది. బొమ్మ కారు తోసుకుంటూ, ముందు నేను, వెనక నువ్వు అనుకోవడం మొదలుపెట్టారు.

కొత్తగా అడ్మిషన్లకు వచ్చేవాళ్లను ప్రియదర్శిని ఇప్పుడు యూకేజీ గది వైపు తీసుకువెళుతోంది. వరండాలో చార్వి ఎదురైతే ఉమాశ్రీ నవ్వుతుంది. ఆ పిల్ల తన కొత్త టీచరు చెయ్యి గట్టిగా పట్టుకుని దాటిపోతుంది. ప్రవీణ మధ్యాహ్నం బాల్కనీలోనే తింటుంది, భర్తతో ఫోన్ మాట్లాడుకుంటూ. పిల్లలు పడుకున్నాక మాత్రం ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. మర్నాటి పాఠం ఇద్దరూ అనుకుంటారు. అనుకోవడం అయిపోగానే లేచిపోతుంది.

దసరా సెలవులిచ్చిన రోజు గేటు దగ్గర ప్రవీణ ఆటో కోసం చూస్తూ, “సెలవులల్ల ఏం జేస్తరు మేడమ్?” అని అడిగింది.

“ఏముంది, ఇంట్లోనే.”

ఆటో వచ్చింది. ఎక్కుతూ ప్రవీణ, “బడి తెరవంగనె పిల్లలతోటి మట్టిబొమ్మల పని పెట్టుకుందాం. ఎట్ల చేయాల్నో జర ఆలోచించి పెట్టుండ్రి” అంది.

ఆ సెలవుల్లో ఉమాశ్రీ నిజంగానే ఆలోచించింది. చేతికి అంటుకుంటుందని మట్టి ముట్టని పిల్లలు ముగ్గురో నలుగురో ఉన్నారు. వాళ్లకు మొదట తడి మట్టి కాకుండా, గోధుమపిండి ముద్ద ఇచ్చి అలవాటు చేస్తే? ఒకరు పిండి దగ్గర, ఒకరు మట్టి దగ్గర కూర్చోవాలి. పిండి దగ్గర ప్రవీణ అయితేనే బాగుంటుంది, భయస్తులు ఆమె దగ్గరికి తొందరగా చేరతారు. ఒక సాయంత్రం ఇది అనుకున్నాక ఫోన్ చేతిలోకి తీసుకుంది. బడి తెరిచాక చెప్పొచ్చు కదా అనుకుంది. చాలాసేపు అలాగే కూర్చుని, చివరికి చేసింది. ప్రవీణకు ఆమె ఫోన్ చెయ్యడం అదే మొదలు.

అవతల బతుకమ్మ పాటలు, చప్పట్లు, పిల్లల కేకలు. “మేడమ్, ఏమన్న అయిందా?” అంది ప్రవీణ కంగారుగా.

“ఏం కాలేదమ్మా. మట్టిపని గురించి. తర్వాత చెయ్యనా?”

“ఆగుండ్రి, జర అవతలికొస్త.” పాట కాస్త దూరమైంది. “ఆ, చెప్పుండ్రి. ఇంటున్న.”

ఉమాశ్రీ చెప్పింది. పిండి సంగతీ, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న సంగతీ. ప్రవీణ మధ్యమధ్య ఆ, ఆ అంటూ విన్నది. “పిండిల జర పసుపు కలుపుదాం మేడమ్, రంగుంటె ముడ్తరు” అంది. మంచి ఆలోచనే. ఉమాశ్రీ ఆ మాటే అంది. అవతల ఎవరో ప్రవీణను పిలిచారు.

“పోతున్న మేడమ్. ఉంట మరి.”

“ఉంటానమ్మా. వెళ్లు.”

ఫోన్ పెట్టేశాక గదిలో చప్పుడు లేదు. కింద రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. ఉమాశ్రీ లేచి, వంటింట్లో లైటు వేసి, ఒక మనిషికి సరిపడా బెండకాయలు తరగడం మొదలుపెట్టింది.